బెజవాడ ఎండకూ వానకూ పగలని చెక్క పెన్ను చేయడం ఎలా

పెన్ను లోపలి ఇత్తడి గొట్టం బయటి వ్యాసం 7 మి.మీ. పని పూర్తయ్యాక కొసల దగ్గర చెక్కతో కలిపి వచ్చేది సుమారు 8.4 మి.మీ. అంటే గొట్టం చుట్టూ మిగిలే చెక్క మందం 0.7 మి.మీ. మాత్రమే. పెళ్ళి శుభలేఖను రెండు మడతలు పెడితే అంత ఉంటుంది. ఆ పలచని చెక్క రోహిణి కార్తె ఎండకు ఎండాలి, ఆషాఢం ముసురుకు ఉబ్బాలి, చొక్కా జేబులో చెమటకు తడవాలి, అయినా పగలకూడదు.

తరిమెన (లేత్) మీద ఉలి పట్టడం నాలుగు ఆదివారాల్లో చేతికి వస్తుంది. పెన్ను నిలుస్తుందా పగులుతుందా అన్నది మాత్రం అంతకు ముందే, చెక్క ఆరబెట్టిన చోట, బెజ్జం వేసిన చోట, జిగురు పెట్టిన చోట తేలిపోతుంది. అందుకే ఇక్కడ ఆ మూడింటి గురించే ఎక్కువగా ఉంటుంది.

కొత్తవాళ్ళు మొదలుపెట్టదగ్గది సన్నరకం ట్విస్ట్ పెన్ను కిట్. ఆన్‌లైన్‌లో స్లిమ్‌లైన్ అనే పేరుతో దొరుకుతుంది. అందులో సుమారు 53 మి.మీ. పొడవున్న 7 మి.మీ. గొట్టాలు రెండు, కొన, తిప్పుడు మెకానిజం, నడిమి రింగు, క్లిప్పు, పైటోపీ, రీఫిల్ ఉంటాయి. కిట్ మారితే గొట్టం వ్యాసమూ, చెక్కను ఎంత లావు దాకా తీయాలో చూపించే లోహపు రింగు బుష్ కొలతా మారిపోతాయి. కాబట్టి కిట్ చేతికొచ్చాక వెర్నియర్‌తో (మి.మీ.లో భాగాలు కూడా చూపించే కొలత సాధనం) కొలిచి, అప్పుడే డ్రిల్ బిట్ కొనండి.

ఏ చెక్క

విదేశీ చెక్క తెప్పించుకోనక్కర్లేదు. కావలసిందల్లా 19 మి.మీ. చదరం, 130 మి.మీ. పొడవు ఉన్న ముక్క. తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి షాపులో ఒక మూలన పడి ఉండే తుక్కులో నెలకు సరిపడా దొరుకుతాయి.

మొదటి పెన్నుకు సర్కారు తుమ్మను మించింది లేదు. కాలవ గట్ల మీదా రైలు పట్టాల పక్కనా పెరిగి, చివరికి బొగ్గుల బట్టీకి పోయే ఆ కంపచెట్టే. చేతిమందం దాటిన కొమ్మలో ఎర్రగోధుమ రంగు చేవ ఉంటుంది. ఆరేటప్పుడు అది కుంచించుకుపోవడం చాలా తక్కువ, దాని గొప్పంతా అక్కడే. చుట్టూ ఉండే పసుపుపచ్చ తెల్లచెక్కను వదిలేయండి, దానికి పురుగు పడుతుంది.

నల్లతుమ్మ బండిచక్రాలకు వాడిన చెక్క. గట్టిది, మెరుగు బాగా పడుతుంది, కానీ ఉలి పదును త్వరగా తినేస్తుంది. చింత చేవ ముదురు ఊదాగోధుమ రంగులో అందంగా ఉంటుంది. ముసలి చెట్టులోనే దొరుకుతుంది, తుమ్మకంటే మొండిది కూడా. టేకు అన్నిచోట్లా దొరుకుతుంది గానీ దాని జిడ్డు జిగురును పట్టనివ్వదు. జిగురు పెట్టేముందు బెజ్జం లోపల థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వాలి.

అంకుడు ఏటికొప్పాక లక్కబొమ్మల చెక్క. మీగడ రంగు, సన్నని నార, తరిమెన మీద వెన్నలా తెగుతుంది. ఒకటే ఇబ్బంది, తెల్లగా ఉంటుంది కాబట్టి చిన్న మరకైనా కనిపిస్తుంది. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి మన ఊరి పక్కదే అయినా పెన్నుకు నేరుగా పనికిరాదు. అంత తేలిక చెక్క 0.7 మి.మీ. మందానికి వచ్చేసరికి గోటితో నొక్కినా గుంట పడుతుంది. అయినా చేయాలనిపిస్తే, చివరి కొలతకు 1 మి.మీ. ముందు ఆగి, పలచని సూపర్ గ్లూ పీల్చినంత పీల్చనిచ్చి, రాత్రంతా ఆరనిచ్చి మిగతాది తియ్యండి. తాటి చెక్కకూ ఇదే చిట్కా. దాని నల్ల ఈనెలు గాజు పుల్లల్లా లేచివస్తాయి, గ్లూ తాగిస్తేనే కుదురుగా ఉంటాయి.

ఎర్రచందనం జోలికి పోకండి. "చిన్న ముక్కేగా, తెలిసినవాళ్ళ దగ్గరుంది" అని ఎవరో ఇస్తారు. అటవీశాఖ కాగితాలు లేకుండా అది మీ దగ్గర ఉండడమే నేరం, ముక్క ఎంత చిన్నదైనా సరే.

ఆరబెట్టడం

పచ్చిచెక్కతో చేసిన పెన్ను తయారైన రోజు బ్రహ్మాండంగా ఉంటుంది. చెక్క ఆరుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది, లోపల ఇత్తడి గొట్టం కదలదు. దాంతో నార వెంట నిలువునా చీలుతుంది. అదే ముక్కను ఆరాక వాడితే ఈ గొడవే ఉండదు.

కొమ్మ తెచ్చిన రోజే రెండు కొసలకూ కరిగించిన కొవ్వొత్తి మైనం గానీ రెండు పూతలు పాత పెయింట్ గానీ వేయండి. నీరు పక్కలకంటే కొసల నుంచి చాలా వేగంగా పోతుంది, పగుళ్ళు మొదలయ్యేదీ అక్కడే. తర్వాత 25 మి.మీ. చదరం బద్దలుగా కోసి, మధ్యమధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చి, నీడలో ఉంచండి. మేడ మీద ఎండలో పెడితే వారంలో ఆరతాయి, నిజమే, ఆరడంతోపాటు పగులుతాయి కూడా. వంటగది అటక మీద పెడితే సరిపోతుంది.

ఆరిందో లేదో చేత్తో పట్టుకుని చెప్పడం కుదరదు. గ్రాములు చూపించే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. ప్రతి ముక్క మీదా తేదీ, బరువు పెన్సిల్‌తో రాయండి. వారానికోసారి తూచండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆరినట్టే. వేసవిలో బరువు ఆగిపోయిన ముక్క వానాకాలంలో మళ్ళీ ఒకటి రెండు గ్రాములు పెరుగుతుంది, కంగారు పడకండి. ముసురు పట్టిన వారంలో మాత్రం బెజ్జాలు వేసే పని పెట్టుకోకండి.

సామాను

చెక్కకు వాడే చిన్న లేత్ చాలు. అర హార్స్‌పవర్ మోటారు, వేగం 500 నుంచి 3000 ఆర్‌పిఎమ్ (నిమిషానికి చుట్లు) దాకా మార్చుకునే వీలు, రెండు వైపులా సామాను దూర్చే ఎంటీ-2 కొలత ఏటవాలు రంధ్రం (టేపరు) ఉంటే పెన్ను సామానంతా దానికి సరిపోతుంది. ఆటోనగర్‌లో ఇనుము పని చేసే లేత్‌ల వేగం చెక్కకు చాలదు. నెమ్మదిగా తిరిగితే ఉలి తెగదు, చెక్కను పీకుతుంది. అయితే అదే ఆటోనగర్‌లో మీకు పనికొచ్చేవి మూడున్నాయి. ఒకటి, కొలతలు మి.మీ.లలో బొమ్మ గీసి ఇస్తే బుష్‌లు తీసి ఇచ్చే లేత్ షాపులు. రెండు, కారు పెయింట్ వేసేవాళ్ళకు అమ్మే వాటర్ పేపరు, 800 నుంచి 2000 నంబరు దాకా. మూడు, మెరుగు పెట్టే ముద్ద రబ్బింగ్ కాంపౌండ్. ఈ చివరి రెండింటికీ ఆన్‌లైన్‌లో పెన్నుల సామాను పేరుతో అమ్మితే ధర వేరేగా ఉంటుంది.

ఇవిగాక ముక్కలను గుచ్చి తిప్పే కడ్డీ పెన్ మాండ్రెల్, దాని కొసను ఆపే 60 డిగ్రీల రివాల్వింగ్ సెంటరు, 7 మి.మీ. హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) డ్రిల్ బిట్, కొసలు చదును చేసే ట్రిమ్మరు, 20 మి.మీ. గుండ్రటి ఉలి, ఏటవాలు ఉలి, సానరాయి కావాలి. వెర్నియర్ గురించి ముందే చెప్పాం. అది లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ఒంటి మీద ఏముందో కూడా చూసుకోవాలి. లుంగీ, కండువా, చున్నీ, వదులు చేతుల చొక్కా ఏవీ వద్దు. మణికట్టుకు కట్టుకున్న దారాలూ కంకణాలూ తీయడం ఇష్టం లేకపోతే, వాటి మీద బిగుతు పట్టీ వేసుకుని మొదలుపెట్టండి. ముఖానికి షీల్డ్, ముక్కుకు ఎన్-95 మాస్క్. గుడ్డ మాస్క్ ఈ పొట్టును ఆపదు. పని మధ్యలో కరెంటు పోతే ముందు స్విచ్చి ఆపండి, ఆ తర్వాతే ఉలి కింద పెట్టండి. ఉలి ఆనించి ఉండగా కరెంటు తిరిగొస్తే పెన్నూ పోతుంది, వేలూ పోవచ్చు.

కోత, బెజ్జం

19 మి.మీ. చదరం చేసిన ముక్క మీద ఒక పక్కన పొడవునా ఒక గీత, మధ్యలో ఒక బాణం గుర్తు పెట్టండి. ముక్కను రెండుగా కోశాక రెండు భాగాల చెక్క గీతలు కలవాలంటే ఆ గుర్తే ఆధారం. గుర్తు పెట్టకుండా కోసి, తర్వాత ఏది పైదో ఏది కిందదో తెలియక తిప్పలు పడడం అందరికీ ఒక్కసారైనా జరుగుతుంది.

ఒక్కో భాగం గొట్టంకంటే 4 మి.మీ. ఎక్కువ, అంటే 57 మి.మీ. ఉండాలి. మొదటి రెండు మూడు పెన్నులకు 62 పెట్టుకోండి, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

కృష్ణమ్మ కొండకు బెజ్జం వేసుకుని పోయింది కాబట్టే ఈ ఊరు బెజవాడ అయిందని కథ చెబుతారు. నది తన ఇష్టం వచ్చిన దారిన పోతుంది, డ్రిల్ బిట్‌ది కూడా అదే బుద్ధి. చెక్క కొసలో నుంచి వేసేటప్పుడు మెత్తగా ఉన్న నార దొరికితే దాని వెంట పక్కకు జారిపోతుంది. జారకుండా ఉండాలంటే ముందు సూదిమొన పంచ్‌తో కేంద్రంలో గుంట చేయండి. పొట్టిగా ఉన్న సెంటర్ డ్రిల్‌తో 4 మి.మీ. లోతు దారి తీయండి. ఆ తర్వాతే 7 మి.మీ. బిట్ పెట్టండి.

లేత్ మీదే బెజ్జం వేయడం మంచిది. ముక్కను నాలుగు దవడల చక్‌లో (పట్టి తిప్పే బిగింపు) బిగించి, లేత్ అవతలి కొసన ముందుకూ వెనక్కూ జరిగే టెయిల్‌స్టాక్‌లో డ్రిల్ చక్ పెట్టి, 600 ఆర్‌పిఎమ్ దగ్గర నెమ్మదిగా నెట్టండి. 8 మి.మీ. లోపలికి పోయాక పూర్తిగా బయటికి లాగి పొట్టు దులపండి, మళ్ళీ నెట్టండి. పొట్టు బిట్ గాడుల్లో ఇరుక్కుంటే వేడి పుడుతుంది. ఆ వేడికి లోపల సన్నని పగుళ్ళు వస్తాయి. అవి ఇప్పుడు కనపడవు, మెరుగు వేసిన రోజున కనపడతాయి. బెజ్జం నుంచి కాలిన వాసన వచ్చిందంటే ఆగి బిట్‌ను చల్లారనివ్వాలి. బిట్‌ను చెయ్యి పెట్టి చూడకండి, చురుక్కుమంటుంది.

బిట్ అవతలి పక్క నుంచి బయటపడేటప్పుడు కొసన పెచ్చు లేస్తుంది. 62 మి.మీ. కోసుకోమన్నది దీనికే. అవతలి పక్కకు బెజ్జం పడనివ్వకుండా 58 మి.మీ. లోతులో ఆపి, మూసి ఉన్న కొసను రంపంతో కోసేయండి. పెచ్చు లేచే అవకాశమే ఉండదు.

బెజ్జం వేశాక ఆ ముక్కలను వారం రోజులు అలాగే వదిలేయండి. లోపలి నుంచి కూడా గాలి తగిలి మిగిలిన కాస్త తడీ పోతుంది. ముక్క వంకర తిరగదలచుకుంటే ఇప్పుడే తిరుగుతుంది. గొట్టం అతికించాక తిరిగితే ఏం చేయలేం. ఈ వారం ఓపిక చాలామందికి ఉండదు, పగిలిన పెన్నుల్లో సగం ఆ తొందర ఖాతాలోవే.

జిగురు

ఇత్తడి గొట్టం మీద తయారీ నూనె, ఆక్సైడు పొర ఉంటాయి. 220 నంబరు ఉప్పుకాగితంతో అడ్డంగా, మెరుపు పోయి గరుకుగా కనిపించేదాకా రుద్దండి. ఆ తర్వాత వేళ్ళతో ముట్టుకోకండి.

గొట్టం లోపలికి జిగురు పోతే మెకానిజం బిగించేటప్పుడు అది అడ్డుపడి చెక్కను చీలుస్తుంది. అందుకని లోపలికి వెళ్ళే కొసను పిల్లల ఆట బంకమట్టిలో గుచ్చి తీయండి, అది బిరడాలా ఉండిపోతుంది. చపాతీ పిండి ముద్ద కూడా పనిచేస్తుంది.

జిగురు ఏది? ఫెవిక్విక్ లాంటి పలచని సూపర్ గ్లూ చాలామంది వాడతారు. అది గొట్టం సగం దూరంలో ఉండగానే పట్టేస్తే ముక్క పారేయడమే, అటు లాగలేం ఇటు నెట్టలేం. పైగా మన వేసవిలో అది ఇంకా తొందరగా పడుతుంది. రెండు ట్యూబుల అరాల్డైట్ వాడండి. రెండూ సమానంగా పిండి, నిమిషంపాటు కలిపి, గొట్టానికీ పుల్లతో బెజ్జం లోపలికీ పూయండి. గొట్టాన్ని తిప్పుతూ, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ నెట్టండి. అలా ఆడిస్తేనే జిగురు అన్ని పక్కలకూ పరుచుకుంటుంది. పూతలో ఖాళీ మిగిలిన చోట చెక్కకు వెనక ఆసరా ఉండదు, అక్కడే ఉలి తగిలినప్పుడు చిప్ప లేస్తుంది. గొట్టం రెండు కొసలూ చెక్క లోపలికి సమానంగా, 2 మి.మీ. చొప్పున ఉండాలి. మామూలు అరాల్డైట్ అయితే 24 గంటలు ఆగాలి. అయిదు నిమిషాల రకం అయినా గంటన్నర లోపు లేత్ ఎక్కించకండి.

సూపర్ గ్లూ సీసాను ఫ్రిజ్‌లో, గాలి దూరని డబ్బాలో పెట్టండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. చల్లని సీసా మూత తీస్తే గాలిలో తేమ లోపలే పట్టి గ్లూ గట్టిపడుతుంది.

కొసలు చదును చేయడం

ట్రిమ్మరుకు మధ్యలో గొట్టంలోకి దూరే కడ్డీ, చుట్టూ కోసే పళ్ళు ఉంటాయి. చేతి డ్రిల్‌కు బిగించి నెమ్మదిగా తిప్పుతూ చెక్కను తగ్గించండి. ఇత్తడి అంచు రింగులా మెరిసిన క్షణాన ఆపేయండి. ఇంకా తీస్తే గొట్టం పొట్టిదైపోతుంది, రీఫిల్ మొన లోపలికి పోదు. తక్కువ తీస్తే బుష్‌కూ చెక్కకూ మధ్య సందు మిగిలి, నడిమి రింగు దగ్గర కాగితం దూరేంత ఖాళీ కనిపిస్తుంది. ఆఖరులో 6 మి.మీ. బిట్‌ను చేత్తో గొట్టంలో తిప్పి, మిగిలిన జిగురూ బంకమట్టీ గీకేయండి. ఈ చిన్న పని మరిచిపోయినవాళ్ళకే పెన్ను బిగించేటప్పుడు టప్‌మని శబ్దం వినిపిస్తుంది.

తరిమెన పట్టడం

మాండ్రెల్ మీద బుష్, కింది భాగం, బుష్, పై భాగం, బుష్ ఈ వరసలో ఎక్కించండి. బాణం గుర్తులు ఒకే వైపు ఉన్నాయో లేదో చూసుకోండి. మాండ్రెల్ కొసనున్న మరను, ముక్కలు తమంతట తాము తిరగనంతవరకు బిగిస్తే చాలు. టెయిల్‌స్టాక్‌ను గట్టిగా నొక్కితే 6 మి.మీ. కడ్డీ విల్లులా వంగుతుంది. అప్పుడు పెన్ను ఒక పక్క లావుగా, మరో పక్క గొట్టం కనపడేంత పలచగా వస్తుంది. ఎక్కువమంది "నా లేత్ వంకర" అనుకునే జబ్బు నిజానికి ఇదే. అనుమానం వస్తే నొక్కుడు తగ్గించి, వేలితో కడ్డీ మీద మెల్లగా తట్టి చూడండి.

ఉలి ఆనించే పట్టీ ముక్కకు 5 మి.మీ. దూరంలో, సరిగ్గా కేంద్రం ఎత్తులో ఉండాలి. చేత్తో ఒక చుట్టు తిప్పి ఏదీ తగలడం లేదని చూసుకుని స్విచ్చి వేయండి.

మొదట 1500 ఆర్‌పిఎమ్ దగ్గర గుండ్రటి ఉలితో మూలలు తీసేయండి. ఉలి వెనక ఏటవాలు భాగాన్ని ముందు చెక్కకు ఆనించి, పిడిని కొంచెం పైకి లేపుతూ అంచును తెగేదాకా తీసుకురండి. అంచును నేరుగా గుచ్చితే గుంట పడుతుంది. ముక్క గుండ్రమయ్యాక వేగం 2500కు పెంచండి. ఎప్పుడూ లావు నుంచి సన్నానికే ఉలి నడవాలి, మధ్య నుంచి కొసలవైపు. ఎదురు నడిపితే నార లేచి చెక్క పీకుకుపోతుంది.

రెండు కొసల్లో బుష్‌కంటే 0.3 మి.మీ. లావు ఉండగా ఆగండి. మిగిలింది ఉప్పుకాగితం పని. మధ్యలో ఎంత ఉబ్బు ఉంచాలన్నది మీ ఇష్టం. సన్న పెన్ను అందంగా కనిపించినా రాసేటప్పుడు వేళ్ళకు అలసట. మధ్యలో 10.5 మి.మీ. దాకా ఉంచినవే ఎక్కువ మంది చేతికి నచ్చుతాయి. ప్రతి రెండు పెన్నులకూ ఉలిని సానరాయి మీద పట్టండి, చింతకూ తుమ్మకూ అయితే ప్రతి పెన్నుకూ. తెగే ఉలి చుట్టలు చుట్టలుగా పొరలు తీస్తుంది. పొడి రాలుతుంటే ఉలి గీకుతున్నట్టు.

ఉప్పుకాగితం

180, 240, 320, 400, 600 వరసలో. వేగం 1000. ప్రతి నంబరు తర్వాత లేత్ ఆపి, అదే కాగితంతో పొడవునా నాలుగుసార్లు రుద్దండి. చుట్టూ పడ్డ సన్న గీతలు అప్పుడే పోతాయి. నంబరు దాటవేస్తే 180 గీతలు మెరుగు కింద అద్దంలోలా కనిపిస్తాయి. వేలికి వేడి తగిలితే ఎక్కువ నొక్కుతున్నారు, ఆ వేడే కొసల్లో వెంట్రుక పగుళ్ళకు కారణం. అంకుడు లాంటి తెల్లచెక్క అయితే ఇనుప బుష్ పొడి కొసల్లో నల్లగా అంటుకుంటుంది. రుద్దేముందు బుష్‌ల పక్క చెక్క మీద ఒక చుట్టు పలచని గ్లూ తుడిస్తే నలుపు లోపలికి దిగదు.

మెరుగు

రెండు దారులున్నాయి, రెంటికీ వేర్వేరు గుణాలు.

సూపర్ గ్లూ పూత గాజులా మెరుస్తుంది, చెమటకు తట్టుకుంటుంది. రోజూ రాసే పెన్నుకు ఇదే. బుష్‌లు తీసి వాటికి కొవ్వొత్తి మైనం రుద్ది మళ్ళీ ఎక్కించండి, లేకపోతే గ్లూ పెన్నునూ బుష్‌నూ కలిపి అతికిస్తుంది. వేగం 500. టిష్యూ పేపరు మడత మీద మూడు చుక్కలు వేసి ఒక కొస నుంచి మరో కొసకు ఒక్కసారి లాగండి. నూలుగుడ్డ వాడకండి. సూపర్ గ్లూ నూలుతో కలిస్తే పొగ వచ్చేంత వేడెక్కి చెయ్యి కాలుతుంది. పలచని గ్లూతో రెండు పూతలు, మీడియం రకంతో ఎనిమిది. పూతకూ పూతకూ మధ్య రెండు నిమిషాలు. ఫ్యాను మీవైపు నుంచి అవతలికి వీచేలా పెట్టుకోండి, ఆ ఆవిరి కళ్ళు మండిస్తుంది.

వానరోజు వేస్తే, లేదా తొందరపడి యాక్సిలరేటరు (గ్లూను త్వరగా గట్టిపరిచే ద్రవం) ఎక్కువ చల్లితే పూతలో తెల్లని మబ్బు పడుతుంది. అది పైకే ఉంటే 600తో రుద్ది మళ్ళీ వేయవచ్చు. లోపలి పొరలో ఉంటే అంతా తీసేయాలి. పూతలు అయ్యాక గంట ఆగి, 800, 1000, 1500, 2000 వాటర్ పేపరు తడిపి రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్‌తో ముగించండి. తడి రుద్దేముందు రెండు కొసల అడ్డనారకు కూడా పలచని గ్లూ తాకించండి. లేదంటే నీరు అటు నుంచి లోపలికి దిగి పూత అంచులో పొర లేస్తుంది. బుష్‌లు ఊడదీసేటప్పుడు ముందు అతుకు చుట్టూ బ్లేడుతో గీత గీయాలి, నేరుగా లాగితే చిప్ప వస్తుంది.

రెండోది లక్క. 100 మి.లీ. స్పిరిట్‌లో 24 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, పలచని గుడ్డలో వడకట్టండి. ఆ ద్రావణం ఒక పాలు, స్పిరిట్ ఒక పాలు, డబుల్ బాయిల్డ్ అవిసె నూనె ఒక పాలు కలపండి. పచ్చి అవిసె నూనె వద్దు, ఆరడానికి వారాలు తీసుకుంటుంది. 2000 ఆర్‌పిఎమ్ దగ్గర టిష్యూతో అద్ది, వేడి పుట్టేదాకా నొక్కి పట్టండి, మెరుపు కళ్ళ ముందే వస్తుంది. ఆరు పూతలు చాలు. చెక్క చెక్కలా తగలాలనుకునేవాళ్ళకు ఇది నచ్చుతుంది. కానీ శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే కరుగుతుంది. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే మెత్తబడి వేలిముద్రలు దిగుతాయి.

ఆ నూనె తుడిచిన కాగితాలూ గుడ్డలూ ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు తనంతట తనే వేడి పుట్టిస్తుంది. కుప్పగా ఉంటే ఆ వేడి పోయే దారి లేక అంటుకుంటుంది. నీళ్ళ బకెట్‌లో పడేయండి.

రంగు కావాలంటే ఏటికొప్పాక పద్ధతి ఉంది. రంగు లక్క కడ్డీని తిరుగుతున్న చెక్కకు ఆనిస్తే రాపిడికి కరిగి పట్టుకుంటుంది, ఎండిన మొగలి ఆకుతో ఒత్తితే సమంగా పరుచుకుని మెరుస్తుంది. పెన్నుకు చేసేటప్పుడు గొట్టాన్ని అరాల్డైట్‌తోనే అతికించి ఉండాలి, ఆ వేడికి సూపర్ గ్లూ పట్టు వదులుతుంది. అంకుడు మీద పచ్చా పసుపూ పట్టీలు బాగుంటాయి. ముదురు చేవ మీద రంగు వేయడం చెక్కకు అన్యాయం.

బిగింపు

మెరుగు పూర్తయ్యాక ఒక రోజు ఆగండి. బిగించడానికి వైస్ దవడలకు చెక్క పలకలు అంటించి వాడవచ్చు, లేదా లేత్ టెయిల్‌స్టాక్‌తోనే నొక్కవచ్చు. సుత్తితో కొట్టడం మాత్రం వద్దు. ముందు కింది భాగానికి కొనను నొక్కండి, నిటారుగా, నెమ్మదిగా. ఏటవాలుగా పోతున్నట్టు అనిపిస్తే ఆగి తీసి మళ్ళీ మొదలుపెట్టండి.

అవతలి కొసలో మెకానిజం ఇత్తడి వైపు లోపలికి. చాలా కిట్లలో ఇత్తడి భాగం మీద గాడిలాంటి గీత ఉంటుంది. దానికి 2 మి.మీ. ముందే ఆగి, రీఫిల్ మరబిగించి తిప్పి చూడండి. మొన బయటికి 3 మి.మీ. వచ్చి, తిప్పితే పూర్తిగా లోపలికి పోవాలి. ఎక్కువ బయటికి వస్తుంటే సరిపోయింది అనుకోకండి, లోతు మరీ ఎక్కువైందన్నమాట. తక్కువ వస్తుంటే అర మి.మీ. చొప్పున నొక్కుతూ చూడండి.

పై భాగానికి క్లిప్పు, టోపీ నొక్కండి. నడిమి రింగు మెకానిజం మీదికి జార్చి, పై భాగాన్ని చేత్తో తోసి, చెక్క గీతలు కలిసేదాకా తిప్పండి.

రీఫిల్ గురించి ఒక మాట. ఈ సన్నరకం కిట్‌లోకి క్రాస్ తరహా సన్న రీఫిల్ పడుతుంది. బీసెంట్ రోడ్డులో గానీ గుంటూరు బ్రాడీపేటలో గానీ ఏ స్టేషనరీ షాపులో అడిగినా చటుక్కున ఇచ్చేది పార్కర్ తరహాది, అది ఇందులో పట్టదు. పెన్ను ఎవరికైనా బహుమతిగా ఇస్తుంటే దానితోపాటు రెండు రీఫిళ్ళు కూడా ఇవ్వండి. లేదా పార్కర్ రీఫిల్ పట్టే కిట్ ఎంచుకోండి, దానికి గొట్టమూ బిట్టూ వేరు.

మెకానిజం లోతుగా పోయి మొన లోపలికి రానంటే పెన్నును పారేయకండి. రీఫిల్ తీసేసి, కొన వైపు నుంచి రీఫిల్ దారిలో పట్టే సన్నని ఉక్కు కడ్డీని దూర్చి, కింద చెక్క దిమ్మలో మెకానిజం మాత్రమే దూరేంత బెజ్జం చేసి అందులో మెకానిజం వేలాడేలా నిలబెట్టండి. కడ్డీ మీద చిన్న సుత్తితో మెల్లగా తడుతూ రెండు మి.మీ. వెనక్కి తీయండి. ఇక్కడొక్కచోటే సుత్తికి పని. దెబ్బ కడ్డీకి తగలాలి, చెక్కకు కాదు.